ఆపరేషన్ ముందు బీపీ మాత్రలు: అన్నీ ఒకటి కాదు తమ్ముడూ

తమ్ముడూ, వచ్చే వారం అమ్మను కావలి నుంచి నెల్లూరు తీసుకెళ్లి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయిస్తున్నామన్నావు. బీపీ మాత్రలన్నీ ఆపేయమని పక్కింటావిడ, అన్నీ వేయమని మందుల షాపతను చెబుతున్నారన్నావు. ఇద్దరి మాటా వినొద్దు.

అమ్మ వేసుకునేవి టెల్మిసార్టన్, మెటోప్రొలాల్ అని రాశావు. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ లాంటివి ఒంట్లో ఉంటే మత్తు ఇచ్చాక బీపీ బాగా పడిపోవచ్చు. అందుకే చాలామంది మత్తు డాక్టర్లు వాటిని 24 గంటల ముందు ఆపమంటారు. మెటోప్రొలాల్, అటెనోలాల్ సంగతి పూర్తిగా వేరు. రోజూ వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు, గుండెపోటు దాకా పోవచ్చు.

ఒంగోలులో మా నాన్న హెర్నియా ఆపరేషన్‌కి మేమే తెలియక మెటోప్రొలాల్ నాలుగు రోజులు ఆపేశాం. ఆపరేషన్ రోజు పొద్దున నర్సు నాడి చూస్తే నిమిషానికి 130. ఆపరేషన్ వాయిదా వేశారు. మంచం మీద ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకోవడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నువ్వు మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని రేపే మత్తు డాక్టర్‌కి చూపించు. అట్ట వెనక సన్న అక్షరాలు కూడా చదువు. టెల్మిసార్టన్‌తో ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు గానీ, నీరు తీసే మందు గానీ కలిపిన మాత్రలు చాలా ఉన్నాయి. ఏది ఎప్పుడు ఆపాలి, ఏది ఆపరేషన్ రోజు పొద్దున గుక్కెడు నీళ్లతో వేయాలి, ఆపినవి మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి, అన్నీ చీటీ మీద రాయించుకో. షుగర్ మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే అవీ తప్పకుండా చెప్పు.