ఒకే తాను, నాలుగు కత్తిరింపులు

చిట్టీ,

నువ్వు బట్టలు చూసుకుంటున్న పాటల గ్రూపు అమ్మాయిల గురించి నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నా చెవుల్లోనే ఉంది. "నలుగురికీ ఒకే డ్రెస్ కుట్టించేస్తే గొడవ వదిలిపోతుంది కదా అత్తా" అన్నావు. వదలదే. నలుగురికీ ఒకటే వేస్తే అది ఎవరికి నప్పింది, ఎవరికి నప్పలేదు అని జనం అప్పుడే లెక్కలు మొదలుపెడతారు. పెళ్లిలో తోడికోడళ్లకి ఒకే చీర పెడితే ఏమైందో మనింట్లో చూశావుగా.

నేను హ్యూస్టన్‌లో ఆల్టరేషన్ షాపు పెట్టిన కొత్తలో ఈ ఊరి పిల్లలే డెస్టినీస్ చైల్డ్ అనే పాటల గ్రూపు పేరుతో పైకొస్తున్నారు. వాళ్ల బట్టలు చూసుకున్నది వాళ్లలో ఒకమ్మాయి బియాన్సే వాళ్లమ్మ టీనా నోల్స్. ఆవిడకి ఇక్కడ సెలూన్ ఉండేది. పేరున్న డిజైనర్లు ఈ పిల్లలకి బట్టలివ్వడానికి ఇష్టపడలేదని, న్యూయార్క్ షోరూములన్నీ అమ్మని తిప్పి పంపాయని బియాన్సే 2016లో ఫ్యాషన్ అవార్డు తీసుకుంటూ చెప్పింది. అమ్మా, జానీ అంకులూ కూర్చుని రాళ్లూ ముత్యాలూ ఒక్కొక్కటే చేత్తో కుట్టారట. అమ్మమ్మదీ కుట్టుపనే. పిల్లల స్కూలు ఫీజు కట్టలేక దానికి బదులు ఆ స్కూలుకి యూనిఫారాలు కుట్టిపెట్టిందట. అది విన్నరోజు నేను మిషను ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

టీనా పద్ధతి నాకు కంఠతా వచ్చు. గుడ్డ ఒకటే, కత్తిరింపు వేరు. ఒకమ్మాయికి ప్యాంటు, ఇంకొకమ్మాయికి పొట్టి స్కర్టు, మరొకరికి ఒంటి భుజం టాప్. 2001 గ్రామీ సంగీత అవార్డులకి ముగ్గురూ ఆకుపచ్చలోనే వచ్చారు, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకి. ఒకసారి మెక్సికోలో షోకి వెళ్తే సామాను రాలేదట. ఆవిడ సంతకెళ్లి మిలటరీ మచ్చల బట్టలు కొనుక్కొచ్చి, కత్తిరించి, స్టేజీ ఎక్కించింది. నీ సంచిలో కత్తెర ఎప్పుడూ ఉండాలి. విమానంలో మాత్రం లగేజీలో వేసేయ్, చేతిసంచిలో పెట్టుకుని సెక్యూరిటీ వాళ్లకిచ్చి రాకు.

దీన్ని తిరగేసి కూడా చేయొచ్చు. టీఎల్‌సీ అనే ముగ్గురమ్మాయిల గ్రూపు వాళ్లు 'క్రీప్' పాట వీడియోలో ముగ్గురూ పట్టు పైజామాలే వేశారు, రంగులే వేరు. బ్రిటన్ గ్రూపు స్పైస్ గర్ల్స్‌దైతే అసలు ఏదీ కలవదు. ఒకరు ట్రాక్‌సూటు, ఒకరు చిరుతపులి మచ్చలు, ఒకరు చిన్న నల్ల డ్రెస్, ఒకరు గులాబీ రంగు. 1997 బ్రిట్ అవార్డ్స్‌లో వాళ్లలో జెరీ వేసిన జెండా డ్రెస్ గుర్తుందా? గుచ్చీ కంపెనీ నల్ల డ్రెస్ మీద బ్రిటన్ జెండా బొమ్మున్న వంటింటి తువ్వాలు కుట్టారు, కుట్టింది జెరీ వాళ్లక్క. మరుసటి ఏడు వేలంలో అది 41,320 పౌండ్లకి పోయింది. కానీ ఈ దారి నీకు ఇప్పుడే వద్దు. ఎవరు ఎవరో జనానికి ముందే తెలిసినప్పుడే అది నిలబడుతుంది. మీ పిల్లల పేర్లు ఇంకా ఎవరికీ నోరు తిరగట్లేదు.

ఇక తాను సంగతి. నలుగురికీ కావలసిన గుడ్డ ఒక్క తాను నుంచే, ఒక్కసారే కొను, పైన రెండు మీటర్లు ఎక్కువ తీసుకో. నా మొదటి పెద్ద ఆర్డరులో మూడు లంగాలు కుట్టాక గుడ్డ చాలలేదు. అదే కొట్టు, అదే మెరూన్, వేరే తాను. షాపులో ట్యూబ్‌లైటు కింద నాకే తేడా తెలియలేదు. స్టేజీ లైట్లు పడగానే నాలుగో పిల్ల లంగా ఇటుకపొడి రంగులో మెరిసింది. ఆ పిల్ల మొహం చూసి నేను తెర వెనకే ఉండిపోయాను. అందుకే చెబుతున్నా, ఏ గుడ్డయినా ఆ లైట్ల కింద పెట్టి చూడకుండా కత్తెర పెట్టకు.

స్టేజీ బట్ట వేసుకున్నాక చేతులు పైకెత్తమను, గొంతుక్కూర్చోమను, పాట మొత్తం ఒకసారి ఆడమను. చంకలో సాగే గుడ్డ ముక్క వేస్తే చేయెత్తినప్పుడు టాప్ పైకి లేవదు. నడుం వెనక మైకు డబ్బాకి లోపలే జేబు కుట్టు, లేకపోతే ఆఖరి నిమిషంలో సౌండ్ కుర్రాడు వచ్చి నీ పట్టు మీద టేపు అంటిస్తాడు. మధ్యలో మార్చుకునే వాటికి హుక్కులు పెట్టకు, పెద్ద టిచ్ బటన్లు పెట్టు, చీకట్లో వేలికి తగలాలి. రాళ్లు కుట్టినవి ఉతకలేం కాబట్టి చెమట వాసనకి వోడ్కాలో నీళ్లు కలిపి లోపలివైపు చల్లుతారు. మీ నాన్నకి చెప్పకు, నా షాపులో ఆ సీసా చాలా ఏళ్లు ఉంది.

రెడ్ కార్పెట్‌కి ఇవేవీ పనికిరావు. అక్కడ నిలబడటమే పని. కానీ ఫ్లాష్ పడితే పల్చటి నల్ల గుడ్డ జల్లెడ అవుతుంది. గదిలో లైట్లార్పి ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసి చూడు. నలుగురినీ వరసలో నిలబెట్టి తియ్యి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా తియ్యి. విడిగా ఉన్న ఫొటోలో కూడా మిగతా ముగ్గురూ గుర్తురావాలి. రేపు పేరొచ్చాక, ఒకప్పుడు కొరియా గ్రూపు బ్లాక్‌పింక్ వాళ్లకి ఉన్నట్టు ఒక్కొక్కరికీ ఒక్కో ఫ్యాషన్ కంపెనీ, ఒకరికి షనెల్, ఒకరికి డియోర్, ఒకరికి సెలీన్, ఒకరికి సాన్ లోరాన్ అయితే ఒకే గుడ్డ అన్న మాటే ఉండదు. అప్పుడు రంగొక్కటే నీ చేతిలో మిగులుతుంది, నలుపో తెలుపో ముందే మాట తీసుకోవాలి.

గొడవ విషయానికొస్తే, నలుగురినీ కూర్చోబెట్టి "ఏం కావాలి" అని అడిగావు చూడు, అక్కడే తప్పు చేశావు. ఒక్కొక్కరినీ విడిగా, కొలతలు తీసేటప్పుడు, "ఏది వేసుకోనంటే వేసుకోవు" అని అడుగు. టేపు మెడ చుట్టూ ఉన్నప్పుడు ఎవరూ అబద్ధం చెప్పరు. చేతులు కనపడకూడదన్న పిల్లకి పొడుగు చేతులు పెట్టెయ్, కారణం అడగకు, మిగతా ముగ్గురికీ చెప్పకు.

పచ్చ శాటిన్ నమూనా ఫొటో చూశాను. అది వద్దు, చెమట మరక అణా అంత పడినా దూరానికి కనిపిస్తుంది. మిగతా రెండు గుడ్డల ముక్కలు పోస్టులో పంపు, చేత్తో పట్టుకుని చూస్తేగానీ చెప్పలేను. కొలతల కాగితం కూడా పెట్టు, చెప్పులు వేసుకుని తీసినవో, విప్పి తీసినవో రాయడం మర్చిపోకు.

మీ అత్త