చదివింది గుర్తుండటం లేదా? ముందు విషయసూచిక తెరవండి

ప్రశ్న: ఉద్యోగం చేసినన్నాళ్లూ నవలలే చదివాను. రిటైరయ్యాక చరిత్ర, జీవిత చరిత్రలు, నదులు, డ్యాముల మీద పుస్తకాలు కొంటున్నాను. చదువుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి ఏమీ మిగలదు. పోయిన నెల చదివిన నవల మాత్రం పూసగుచ్చినట్టు చెప్పగలను. తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: నవల చెప్పగలుగుతున్నారంటే మీ జ్ఞాపకశక్తికి ఏ ఢోకా లేదండీ. నవలలో ‘తర్వాత ఏమైంది’ అన్న ఆత్రమే మనల్ని చివరిదాకా లాక్కుపోతుంది, అందుకే ఒక సంఘటన గుర్తొస్తే దాని వెనకే ఇంకోటి వచ్చేస్తుంది. కథ కాని పుస్తకంలో ఆ పని చేసేది రచయిత మనసులో ఉన్న ప్రశ్న. ఆయన ఏ ప్రశ్నకి జవాబు చెప్పడానికి కూర్చున్నాడో తెలిస్తే, ఈ విషయం ముందు ఎందుకు పెట్టాడు, ఆ విషయం రెండు ముక్కల్లో ఎందుకు తేల్చేశాడు అన్నది అర్థమవుతుంది. అది తెలియకపోతే మిగిలేవి విడివిడి తేదీలు, పేర్లే, అవి ఎవరికీ నిలవవు.

మీది గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలిసే ఊరు కాబట్టి ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకుందాం. సంగతులు మీకు తెలిసినవే. 1832–33లో నందన కరువు. 1839లో కోరంగి ఉప్పెన. 1840ల మధ్యలో కాటన్ దొర కంపెనీ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఇవే సంగతులతో నలుగురు నాలుగు పుస్తకాలు రాయొచ్చు, నాలుగూ నిజమే చెప్పొచ్చు, అయినా ఒకదానికి ఇంకోదానికి పోలిక ఉండదు.

మొదటాయన ఏడాది వెంట ఏడాది చెప్పుకుపోతాడు. రాయడానికి ఇది తేలిక, మర్చిపోవడానికి ఇంకా తేలిక. రెండో ఆయన కరువుతో మొదలుపెట్టి పచ్చటి డెల్టాతో ముగిస్తాడు, అంటే సమస్య, పరిష్కారం. ఈ వరసలో కాటన్ దేవుడిలా కనిపించి తీరతాడు, ఎందుకంటే ఆకలి ముందు చెప్పి అన్నం తర్వాత చెప్పాక మధ్యలో నిలబడ్డవాడి మీద మనకి ప్రేమ పుట్టకుండా ఉండదు. మూడో ఆయన కంపెనీ శిస్తు లెక్కలతో మొదలుపెడతాడు: జనం చచ్చి, వలసపోయి, రాబడి పడిపోయింది, నీళ్లిస్తే శిస్తు పెరుగుతుందని కాటనే వాదించాడు కదా అంటాడు. ఇక్కడ ఆనకట్ట ఒక పెట్టుబడి. నాలుగో ఆయన కావేరి మీద చోళుల నాటి కల్లణైని పక్కన పెట్టి పోల్చుకుంటూ పోతాడు, ఎందుకంటే అడుగు తగలని ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో కాటన్ నేర్చుకున్నది ఆ పాత కట్ట దగ్గరే. నాకు బాగా ఇష్టమైన వరస ఇదే. ఇందులో కాటన్ ఒక్కడే ఉండడు, వందల ఏళ్ల కిందటి పేరు తెలియని పనివాళ్లూ ఉంటారు, ధవళేశ్వరంలో ఆయనకి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నకీ చోటు దొరుకుతుంది.

నేను చెప్పేదల్లా ఒకటే. సంగతుల్ని ఏ వరసలో పేర్చాడన్నదే రచయిత అభిప్రాయం. ‘నా ఉద్దేశంలో’ అని ఆయన ఎక్కడా అనకపోవచ్చు, అధ్యాయాల వరస ఆ మాట అంటూనే ఉంటుంది. కాబట్టి కొత్త పుస్తకం చేతికి రాగానే మొదటి పేజీకి పోకండి. విషయసూచిక నిదానంగా చదవండి, ముందుమాట చదవండి, చివరి అధ్యాయంలో రెండు పేజీలు చూడండి. నవలకైతే ఇది పాపం, ఇలాంటి పుస్తకానికి ఇదే పద్ధతి. తర్వాత అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాయండి: ‘ఈయన ఫలానా ప్రశ్నకి జవాబు చెబుతున్నాడు.’ సగం చదివాక ఆ వాక్యం మార్చాల్సి వస్తే మార్చండి. అలా మార్చాల్సి వచ్చిన పుస్తకాలే ఎక్కువ గుర్తుంటాయి.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. సోషల్ పాఠం మొత్తం బట్టీ పడుతుంది, పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడిగితే టెన్షన్ పడి ఖాళీగా వదిలేసి వస్తోంది. ఏం చేయించాలి?
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: పాఠంలో ‘అందువల్ల’, ‘అయితే’, ‘ఉదాహరణకు’, ‘ఫలితంగా’, ‘మరోవైపు’ అన్న మాటల చుట్టూ గుండ్రంగా గీయమనండి. మనం వాటిని చూసీ చూడనట్టు దాటేస్తాం గానీ పాఠం కీళ్లన్నీ అక్కడే ఉంటాయి. ‘కరువు వచ్చింది, ఆ తర్వాత ఆనకట్ట కట్టారు’ అంటే వరస మాత్రమే చెప్పినట్టు. ‘కరువు వచ్చింది, అందువల్ల ఆనకట్ట కట్టారు’ అంటే కారణం చెప్పినట్టు, అప్పుడు పాప ‘నిజంగా అందువల్లేనా, రుజువేంటి?’ అని అడగొచ్చు. అడగనివ్వండి, దయచేసి విసుక్కోకండి. ప్రతి పేరా పక్కన ఖాళీలో ఒక్క మాట రాయమనండి: కారణమో, ఉదాహరణో, ఫలితమో, పోలికో. ఆ తర్వాత పుస్తకం మూసి ఆ మాటల్ని బట్టి మీకు పాఠం చెప్పమనండి. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా ఏ పేరాలోంచి జవాబు తీయాలో తనకే తెలుస్తుంది.

ప్రశ్న: పేపర్లో వార్తకీ, ఆదివారం అనుబంధంలో వ్యాసానికీ తేడా ఏమిటి?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: వార్తలో అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి పేరాలోనే చెప్పేస్తారు, కిందికి పోయేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది. పేజీలో చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ కింది నుంచి కత్తిరించినా వార్త నిలబడుతుంది. వ్యాసాన్ని అలా కోస్తే చచ్చిపోతుంది, ఎందుకంటే పై పేరాలన్నీ పాఠకుణ్ణి చివరికి సిద్ధం చేస్తూ వస్తాయి. మీరు రాసినదాంట్లో చివరి పేరా తీసేసి చూడండి, ఏదీ పోలేదనిపిస్తే మీరు రాసింది వార్తన్నమాట.

ప్రశ్న: మా ఊరి చరిత్ర రాద్దామని పెద్దవాళ్లు చెప్పిన కబుర్లు, పాత దస్తావేజులు, గుడి శాసనం ఫొటోలు పోగేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి ప్రాంతం

జవాబు: చాలా మంచి పని, ఆపకండి. ఊరికి ఆ పేరెలా వచ్చిందన్న స్థలపురాణంతో మాత్రం మొదలుపెట్టకండి, అన్ని ఊరి చరిత్రలూ అక్కడే మొదలై అక్కడే నీరుగారిపోతాయి. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకునే మార్పు ఒకటి పట్టుకోండి. చెరువు ఎండిపోవడమో, రోడ్డు పడటమో, ఒక కులవృత్తి పోవడమో, ఏదైనా సరే. అది ఎందుకు జరిగిందన్న ప్రశ్నకి మీ దగ్గరున్నవాటిలో ఏవి పనికొస్తాయో అవే లోపలికి తీసుకోండి, మిగతావి ఎంత ముద్దొచ్చినా అనుబంధంలోకి నెట్టండి. పెద్దవాళ్లు చెప్పింది ఎక్కడ, దస్తావేజు చెప్పింది ఎక్కడ అన్నది వాక్యంలోనే తెలియనివ్వండి, రెండూ కలిపేస్తే రేపు ఎవరూ నమ్మరు. చివర మనుషుల పేర్లు, ఇంటిపేర్లు, పొలాల పేర్లు అకారాదిగా పేజీ నంబర్లతో వేయించండి. మన తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఈ సూచిక ఉండదు, అదేం నిర్లక్ష్యమో నాకు అర్థం కాదు. ఊరు వదిలి హైదరాబాదుకో అమెరికాకో వెళ్లినవాళ్లు మీ పుస్తకంలో ముందు తెరిచేది ఆ పేజీలే, అక్కడ తాతగారి పేరు దొరికితేనే మిగతాది చదువుతారు.