ముప్ఫై దాటిన బ్యాటుకు పదేళ్ల కాంట్రాక్టా?

పాఠకుల ప్రశ్నలు: ఆటలు

ప్రశ్న: సెయింట్ లూయిస్‌లో పద్ధెనిమిదేళ్లుగా ఉంటున్నాం. వచ్చిన కొత్తలో ఆఫీసు మిత్రులు పట్టుబట్టి బేస్‌బాల్ స్టేడియానికి తీసుకెళ్తే, ఆల్బర్ట్ పుహోల్స్ ఆట చూసి కార్డినల్స్ జట్టుకు అభిమానినైపోయాను. 2011 చివర ఆయన ఏంజెల్స్ జట్టుకు వెళ్లిపోయినప్పుడు ఊరు ఊరంతా అలిగింది. అక్కడ ఆయన బ్యాటింగ్ ఏటికేడు తగ్గిపోవడం చూశాక, వదులుకోవడమే మేలైందని అదే ఊరు ఇప్పుడు అంటోంది. 31 ఏళ్లు నిండిన మనిషికి పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు అంత పెద్ద సంస్థకు ఇది తోచలేదా?
– ఒక పాఠకుడు, సెయింట్ లూయిస్

జవాబు: తోచకపోవడమేమీ లేదు, తెలిసే ఇచ్చారు. మూడేళ్లకోసారి జట్టును దాదాపు ఖాళీ చేసి మళ్లీ నింపుకునే ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు ఈ పద్ధతి వింతగా కనిపిస్తుంది గానీ, దాని మూలం అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ నిబంధనల్లోనే ఉంది. అక్కడ ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తిచేస్తే తప్ప ఫ్రీ ఏజెంట్ కాలేడు. ఇరవై మూడో ఏటో ఇరవై నాలుగో ఏటో పెద్ద లీగులో అడుగుపెట్టినవాడు తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకునే నాటికి ముప్ఫై అంచున ఉంటాడు. హిట్టర్లలో (బ్యాటర్లలో) ఎక్కువమంది ఇరవై ఏడేళ్ల ప్రాంతంలోనే శిఖరానికి చేరుకుంటారు కాబట్టి, సంతలోకి వచ్చే సరుకులో సింహభాగం దిగుదారి పట్టినదే. 19 ఏళ్లకే ఆడడం మొదలుపెట్టిన హువాన్ సోటో 26 ఏళ్లకే ఫ్రీ ఏజెంట్ కాగలిగాడు. 2024 డిసెంబరులో మెట్స్ జట్టు అతనికి 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు రాసివ్వడానికి ఆ వయసు కూడా ఒక పెద్ద కారణం.

ఇక పదేళ్లు ఎందుకంటారా? జీతాల మొత్తం పరిమితి దాటిన జట్టుపై లీగు వేసే పన్నులో కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్లతో భాగించి సగటును లెక్కలోకి తీసుకుంటారు. అదే డబ్బును ఎక్కువ ఏళ్లకు పరిస్తే ఏటా లెక్కకు వచ్చే అంకె తగ్గుతుంది. మొదటి నాలుగైదేళ్లలో కప్పు గెలిస్తే చాలు, చివరి ఏళ్లు దండగైనా భరిద్దామన్నది యజమానుల ఆలోచన. కాంట్రాక్టు పూర్తి హామీతో ఉంటుంది కాబట్టి ఆట పోయినా, ఆటగాణ్ణి ఇంటికి పంపినా జీతం మాత్రం ఆగదు.

పుహోల్స్ విషయంలో లెక్క తప్పింది ఆ మొదటి ఏళ్లలోనే. కార్డినల్స్‌లో 11 సీజన్లలో ఆయన 0.328 సగటుతో (పది ప్రయత్నాల్లో మూడు ఫలిస్తే 0.300) 445 హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు) కొట్టారు. మొదటి పది సీజన్లలో ఒక్కసారి కూడా సగటు 0.300కు, హోమ్ రన్‌లు 30కి, కొట్టి రప్పించిన పరుగులు 100కు తగ్గలేదు. పదకొండో ఏట, అంటే కాంట్రాక్టుకు ముందు సీజన్‌లో, సగటు 0.299, పరుగులు 99. వెంట్రుకవాసి తేడాయే కనుక అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పైగా ఆ అక్టోబరులో విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ మూడో ఆటలో మూడు హోమ్ రన్‌లు కొట్టిన మనిషిని చూసి ఆ 99ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఏంజెల్స్ 24 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2013లో ఎడమ అరికాలి కణజాలం చిరిగి 99 ఆటలకే సీజన్ ముగిసింది. కాళ్లు నేలను గట్టిగా తన్నితే తప్ప నడుము తిరగదు, నడుము తిరగకపోతే బ్యాటుకు ఊపు రాదు. ఏంజెల్స్‌లో ఆయన సగటు 0.256 దగ్గర ఆగింది. ఆ దశాబ్దంలో ఆ జట్టు ప్లేఆఫ్‌లకు వెళ్లింది ఒక్క 2014లోనే. అక్కడా ఒక్క ఆట కూడా గెలవలేదు.

ప్రశ్న: నేను పాతకాలపు క్రికెట్ మనిషిని. అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ఆట చూశాను. ప్రతి బంతీ ఫుల్ టాస్సే కదా! పదికి మూడుసార్లు కొడితే మహా బ్యాటర్ అంటున్నారు. సచిన్ 36 ఏళ్ల వయసులో వన్డేలో 200 కొట్టాడు. వీళ్ల బ్యాటింగ్ ముప్ఫై రెండుకే ఎందుకు చల్లబడుతుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఫుల్ టాస్సే, కాదనను. అయితే ఆ ఫుల్ టాస్ 60 అడుగుల 6 అంగుళాల దూరంలోని మట్టిదిబ్బ మీది నుంచి గంటకు 95 మైళ్ల వేగంతో బయలుదేరి 0.4 సెకన్లలో మీ ముందుంటుంది. అందులో సగం కాలం అది నేరుగా వస్తోందా, చివర్లో కిందికి జారుతుందా అని పోల్చుకోవడానికే పోతుంది. సచిన్‌కు మంచి బంతిని అడ్డుకుని, తర్వాతి బంతి కోసం ఆగే వెసులుబాటు ఉండేది. హిట్టర్‌కు మూడు స్ట్రైకులతో (అందుకోలేకపోయిన, లేదా వదిలేసిన మంచి బంతులతో) కథ ముగుస్తుంది, కొట్టిన బంతి గీతల లోపల పడితే పరుగెత్తక తప్పదు. వయసుతో చూపు, చేయి ఒక్క లిప్తపాటు మందగించినా క్రికెటర్ దాన్ని అనుభవంతో కప్పిపుచ్చుకోగలడు. హిట్టర్ మాత్రం ఆ ఆలస్యాన్ని సర్దుకోవడానికి ముందే ఊపడం మొదలుపెడతాడు, అప్పుడు పిచర్ (బంతి విసిరేవాడు) వేగం తగ్గించి మోసం చేస్తాడు.

దీన్ని దగ్గరి నుంచి చూడాలంటే బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు క్రిస్ డేవిస్‌ను చూడాలి. 2013లో 53 హోమ్ రన్‌లు కొట్టిన ఆయనకు 2016 జనవరిలో ఏడేళ్లకు 16.1 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. 2018లో సగటు 0.168కి పడిపోయింది. ఆ సెప్టెంబరు నుంచి మరుసటి ఏప్రిల్ దాకా వరుసగా 54 ప్రయత్నాల్లో ఒక్క హిట్ లేదు. చివరికి 2019 ఏప్రిల్ 13న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో, మూడు బేస్‌ల (పరుగు దారిలోని మజిలీల) మీదా తన జట్టువాళ్లు ఉండగా కుడివైపు మైదానంలోకి బంతిని పంపి, మొదటి బేస్ మీద నిలబడి ఆ బంతిని తనకివ్వమని అడిగి తీసుకున్నారు. 53 హోమ్ రన్‌ల మనిషి ఒక మామూలు సింగిల్‌ను (మొదటి బేస్ దాకా చేర్చిన దెబ్బను) జ్ఞాపికగా దాచుకోవలసి రావడం కన్నా ఈ పతనాన్ని బాగా చెప్పేది నాకు మరొకటి కనిపించదు.

ఒక్క వ్యక్తి బ్యాటింగే తగ్గడం లేదని కూడా గమనించండి. మొత్తం లీగు సగటు 1999లో 0.271 ఉంటే 2022లో 0.243. పిచర్ల వేగం పెరిగింది, ఫీల్డర్లను ఒకే వైపు మోహరించడం పెరిగింది. ఆ మోహరింపును 2023లో నిషేధించగా సగటు 0.248కి లేచి, మరుసటి ఏడు మళ్లీ 0.243కి వచ్చింది. కాబట్టి ముప్ఫై దాటిన హిట్టర్ తన వయసుతోనూ, తనకన్నా వేగంగా ఎదుగుతున్న కుర్ర పిచర్లతోనూ ఒకేసారి పోరాడాలి.

ప్రశ్న: అయితే కండ, పరుగు, చురుకుదనం ఉన్నవాళ్లను ఎంచుకుంటే నష్టం తగ్గదా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: బరువైన, నెమ్మదైన బలశాలుల కన్నా చురుకైనవాళ్లు మెల్లగా తగ్గుతారని విశ్లేషకుడు బిల్ జేమ్స్ ఎప్పుడో వాదించారు. మొత్తం మీద నేనూ ఆ మాటను నమ్ముతాను, కానీ దానిమీదే సంతకం పెట్టను. జాకబీ ఎల్స్‌బరీని మించిన చురుకైనవాడు ఆ రోజుల్లో ఎంతమంది? 2013లో 52 బేస్‌లు దొంగిలించి (సహచరుడు బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరుకుని) మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నాడు. యాంకీస్ జట్టు ఏడేళ్లకు 15.3 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2017 తర్వాత గాయాలతో ఒక్క ఆట కూడా ఆడలేదు. పరుగే పెట్టుబడి అయినవాడికి కాలు నొప్పి చేస్తే మిగిలేది తక్కువ. మరోవైపు బొద్దుగా ఉండి, ఫీల్డింగ్ జోలికి దాదాపు వెళ్లని డేవిడ్ ఓర్టిజ్ 40 ఏళ్ల వయసులో, 2016లో, 0.315 సగటుతో 38 హోమ్ రన్‌లు కొట్టి దర్జాగా విరమించారు.

నన్నడిగితే ఒంటి వాటం కన్నా ముందు అతివేగమైన బంతులకు అతని బ్యాటు ఇంకా అందుతోందా, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో ఔటవడాలు) ఏడాదికేడాది పెరుగుతున్నాయా అన్నవి చూస్తాను. ఆ తర్వాత కాంట్రాక్టు ఎన్నేళ్లని చూస్తాను. మొదటి ప్రశ్న అడిగిన సెయింట్ లూయిస్ పాఠకుడికి గుర్తుండే ఉంటుంది: 2022లో పుహోల్స్ 42 ఏళ్ల వయసులో అదే ఊరికి, ఒకే ఏడాదికి, 25 లక్షల డాలర్లకు తిరిగి వచ్చారు. ఎక్కువగా ఎడమచేతి పిచర్లున్న రోజుల్లో బరిలోకి దింపారు. 24 హోమ్ రన్‌లు కొట్టి, మొత్తం 703తో ఆట ముగించారు.