విటమిన్ డి తగ్గితే పక్షవాతం వస్తుందా?

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు. బీపీకి క్లోర్‌థాలిడోన్ వాడుతున్నారు. విటమిన్ డి మిల్లీలీటరు రక్తానికి 14 నానోగ్రాములే ఉందని తేలింది. డి తక్కువుంటే పక్షవాతం వస్తుందని ఎక్కడో విని భయపడుతున్నారు. డాక్టరు 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికొకటి, 8 వారాలు రాశారు. రోజూ వేసుకుంటే త్వరగా పెరుగుతుంది కదా?

జవాబు: రోజూ వేయకండి. ఈ మందులో తరచూ జరిగే పొరపాటే అది. వారానికి 60,000 అంటే రోజుకు సుమారు 8,500 యూనిట్లు. రోజూ వేస్తే అది ఏడింతలవుతుంది. డి కొవ్వులో నిల్వ ఉంటుంది, మూత్రంలో తేలిగ్గా పోదు. అది ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, అతిమూత్రం, మలబద్ధకం, వాంతులు, అయోమయం మొదలవుతాయి. మీ నాన్నగారి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి: క్లోర్‌థాలిడోన్ కాల్షియాన్ని మూత్రంలోకి అంతగా పోనివ్వదు. విడిగా కాల్షియం మాత్రలు కూడా వేస్తుంటే డాక్టరుకు చెప్పండి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండర్‌లో టిక్కు పెట్టండి. కొవ్వు ఉన్న భోజనం తర్వాత వేస్తే బాగా ఒంటబడుతుంది.

ఇక పక్షవాతం సంగతి. డి తక్కువున్నవారిలో అది ఎక్కువగా కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ ఇల్లు కదలనివారిలో, ఊబకాయం, దీర్ఘరోగాలు ఉన్నవారిలో డి ఎలాగూ తగ్గుతుంది, పక్షవాతం ముప్పూ వారికే ఎక్కువ. అందుకే మాత్రలిచ్చి చూశారు. అమెరికాలో వైటల్ అధ్యయనంలో 25,871 మందిలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్లు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఐదేళ్లకు పైగా ఇచ్చారు. 2018లో వచ్చిన ఫలితం: పక్షవాతం తగ్గలేదు. వారిలో చాలామందికి మొదట్లోనే డి సరిపడా ఉందన్నది గుర్తుంచుకోవాలి. అయినా 14 ఉన్నప్పుడు మందు వేయాల్సిందే, ఎముకల కోసం, కండరాల కోసం.

పక్షవాతం భయం ఉంటే చూడాల్సింది బీపీ. ఐదు నిమిషాలు కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో పెట్టి, పొద్దున సాయంత్రం కొలిచి రాసుకోండి. నాడి లయ తప్పుతుంటే ఈసీజీ తీయించండి. షుగర్, కొలెస్ట్రాల్, పొగ అలవాటు కూడా లెక్కలోకి వస్తాయి.

కోర్సు అయ్యాక 25-హైడ్రాక్సీ విటమిన్ డి (రక్తంలో డి ఎంతుందో చెప్పేది), కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించాలా, ఎప్పుడు అని డాక్టరునే అడగండి. రిపోర్టులో కొలమానం చూడండి: కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, అందులో 35 అంటే ఇప్పటి 14 నానోగ్రాములే. పెరిగిందని మోసపోవద్దు.