పట్టుపురుగుల్లో మగవే పుట్టే గుడ్లు దొరకవా?

ప్రశ్న: రెండెకరాల్లో మల్బరీ పెట్టి బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే జాతి) పురుగులు పెంచుతున్న. మగపురుగు గూళ్లలో పట్టు ఎక్కువని రీలింగ్ చేసేవాళ్లు (గూళ్ల నుంచి దారం తీసేవాళ్లు) అంటున్నారు. గేదెలకు ఆడదూడలే పుట్టే సూదులు వచ్చినట్టు మగపురుగులే వచ్చే గుడ్లు లేవా? ఆకు మీద ఒక టానిక్ కొడితే మగవి పెరుగుతాయట, కొనాల్నా?
– ఒక రైతు, నకిరేకల్ మండలం, నల్గొండ జిల్లా

జవాబు: టానిక్ కొనకండి. ఆడో మగో గుడ్డులోనే తేలిపోతుంది. చాకీ పురుగులు (తొలి దశల పిల్లపురుగులు) మీ షెడ్డుకు వచ్చాక ఏ ఆకు పెట్టినా అది మారదు.

గేదెల సూది పద్ధతి ఇక్కడ నడవదు. దున్న వీర్యంలో ఎక్స్, వై కణాలు రెండూ ఉంటాయి కాబట్టి ఎక్స్ వాటిని వేరుచేసి ఇస్తారు. పట్టుపురుగులో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తండ్రి ఎప్పుడూ జెడ్డే ఇస్తాడు. వీర్యంలో ఏరడానికి ఏమీ లేదు, నిర్ణయం తల్లి గుడ్డుదే.

డబ్ల్యూ వస్తే ఆడదని 1933లోనే తెలిసినా, అదెలా జరుగుతుందో 2014లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. డబ్ల్యూ నుంచి పుట్టే ఒక చిన్న ఆర్ఎన్ఏ (జన్యువుల సందేశాలను మోసే, అదుపుచేసే అణువుల్లో ఒకటి), జెడ్ మీదున్న మాస్క్యులినైజర్ జన్యువు పంపే సందేశాన్ని ముక్కలు చేస్తుంది. ఆ సందేశం నిలిచిన గుడ్డు మగదవుతుంది. అదే జన్యువు మగవాటిలోని రెండు జెడ్‌ల జోరునూ తగ్గించి, ఆడదాని ఒక్క జెడ్‌తో సమం చేస్తుంది. ప్రయోగంలో దాన్ని ఆపితే మగ పిండాలు గుడ్డులోనే చనిపోయాయి.

అయినా మగవాటినే పుట్టించే పద్ధతి ఒకటుంది. సోవియట్ శాస్త్రవేత్త స్ట్రున్నికోవ్ తయారుచేసిన జాతిలో తండ్రి రెండు జెడ్‌ల మీదా వేర్వేరు చోట్ల ఒక్కో ప్రాణాంతక జన్యువు ఉంటుంది. కూతుళ్లకు తండ్రిచ్చిన ఆ జెడ్ ఒక్కటే కాబట్టి గుడ్డులోనే పోతాయి. కొడుకులను తల్లిచ్చిన మంచి జెడ్ కాపాడుతుంది. చిక్కేమిటంటే సగం గుడ్లు పగలవు. వంద లేయింగ్స్‌కు (ఒక్కో తల్లి పెట్టిన గుడ్ల గుంపు ఒక లేయింగ్) డబ్బు కడితే యాభైకి సరిపడా పురుగులే వస్తాయి.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. మగ గూటిలో పెంకు శాతం (గూటి బరువులో పట్టు పొర వంతు) ఎక్కువ, దారం బాగుంటుంది, నిజమే. కానీ లోపలి ప్యూపా (గూటిలో ఉండే పురుగు) చిన్నది కాబట్టి తూకం తగ్గుతుంది. మీరు అమ్మేది కిలోల్లో. పెంకు శాతాన్ని బట్టి ధర కట్టే చోట తప్ప నాకైతే ఇందులో పెద్ద లాభం కనబడదు. ఆ డబ్బుతో షెడ్డు కప్పు మీద తాటాకులో కొబ్బరాకులో పరిపించండి. చివరి దశలో లోపల 24–25 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే ఆడ, మగ రెండూ మంచి గూళ్లే కడతాయి.