ఎండెక్కినా బొచ్చెలు తేలుతుంటే...

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర 8 ఎకరాల చెరువు. శీలావతి, బొచ్చె చేపలు కలిపి వేశాం. వారం నుంచి బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, మేత సగానికి పడిపోయింది. మందుల కొట్టులో చేప పేనుకు కొట్టే మందిచ్చారు, కొట్టినా గుణం లేదు. పక్క చెరువాయన ఎకరానికి రెండు బస్తాల ఉప్పు చల్లమంటున్నారు. చల్లమంటారా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: ఉప్పు బస్తాలు గట్టు మీదే ఉంచండి. 5 అడుగుల నీళ్లున్న ఎకరంలో సుమారు 60 లక్షల లీటర్లు ఉంటాయి. ఉప్పు వైద్యానికి వాడే 3 శాతం ఉప్పునీళ్లు చేయాలంటే ఎకరానికే 180 టన్నులు పొయ్యాలి! అది చేపపిల్లను చెరువులో వదిలే ముందు తొట్టిలో 100 లీటర్లకు 3 కిలోలు కలిపి 5 నిమిషాలు ముంచే వైద్యమండీ, చెరువుకు కాదు.

తెల్లారగట్ల తేలి ఎండెక్కాక సర్దుకుంటే అది గాలి చాలకపోవడం. మిట్టమధ్యాహ్నం కూడా తేలుతుంటే మొప్పలను అనుమానించాలి. వల వేసి ఒక బొచ్చెను పట్టి మొప్ప మూత ఎత్తండి. మంచి మొప్ప ఎర్రగా, దువ్వెన పళ్లలా విడివిడిగా ఉంటుంది. పాలిపోయి, జిగురు పట్టి, పళ్లు అతుక్కుపోయుంటే మొప్ప పురుగు కావచ్చు. అది కంటికి ఆనదు. చిన్న ముక్క కత్తిరించి మైక్రోస్కోప్ కింద పెడితే, తలవైపు నాలుగు నల్ల చుక్కలతో వానపాములా సాగుతూ ముడుచుకుంటూ కనబడుతుంది. పేను వేరే జాతి, దాని మందు దీనికి పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

మొప్ప మీద నూకగింజల్లాంటి తెల్లటి తిత్తులుంటే మాత్రం ఆశ పెట్టుకోకండి, దానికి నమ్మదగ్గ మందు లేదు. చేపను పలచబరచి, నీరు మార్చి నెట్టుకురావాలి. పట్టుబడి అయ్యాక చెరువు బీటలు వారేలా ఎండబెట్టి సున్నం చల్లండి.

ల్యాబుకు చచ్చిన చేప పట్టుకెళ్లకండి, ఏమీ తేలదు. తేలుతున్నవాటిలోంచి రెండు మూడు బతికినవాటిని ఆక్సిజన్ పట్టిన కవర్లో తీసుకెళ్లండి. పురుగని తేలితే మందు, మోతాదు వాళ్లే నీళ్ల లెక్క కట్టి చెబుతారు. ఫార్మలిన్ మందు కొట్టమంటే మాత్రం నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుండగా, ఎండ ఉన్నప్పుడే కొట్టాలి, అది నీళ్లలో గాలిని లాగేస్తుంది.

మందుకు పురుగు చస్తుంది గానీ గుడ్లు చావవు. అవి పొదిగాక, సుమారు వారానికి, రెండో విడత పడాలి. మా చెరువులో మొదటి విడతకే చేపలు మళ్లీ మేత సంచుల దగ్గరకొచ్చేసరికి రోగం పోయిందనుకుని, మిగిలిన డబ్బా పాకలో పడేశాను. పది రోజులకు బొచ్చెలు మళ్లీ తేలాయి.