పచ్చళ్ల వ్యాపారానికి 78 వేల వెబ్‌సైట్: గిట్టుబాటు అవుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. ఆరేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాం. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. నెలకు సుమారు 120 పార్సిళ్లు వెళ్తాయి, సగటున ఒక్కోటి 850 రూపాయలు. సరుకు, సీసాలు, కొరియర్ పోను ఆర్డర్‌కు 255 దాకా మిగులుతుంది. సగానికి పైగా హైదరాబాద్, బెంగళూరుకే పంపుతాం. విజయవాడలో ఒక సంస్థ కార్ట్, ఆన్‌లైన్ పేమెంట్‌తో వెబ్‌సైట్ చేయడానికి 78 వేలు, ఏటా నిర్వహణకు 15 వేలు, జీఎస్టీ అదనం అంటోంది. మా ఆడపడుచు కొడుకు రెడీమేడ్ టెంప్లేట్‌తో ఊరికే చేసిపెడతానంటున్నాడు. బ్యాంకులో 1.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని తీయమంటారా, బంగారం మీద లోన్ తీసుకోమంటారా? అసలు ఈ ఖర్చు అవసరమా?

జవాబు: అవసరమే, కానీ ఆ సంస్థ చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు. బంగారం జోలికి అసలు వెళ్లకండి. అన్నిటికంటే ముందు మీరు అడగని విషయం ఒకటి తేల్చుకోవాలి. అది జీఎస్టీ.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. ఆ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్ముకునేంత వరకే. తెనాలి నుంచి హైదరాబాద్‌కు పార్సిల్ పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మకం. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటిస్తే టర్నోవర్ ఎంతున్నా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారులు టర్నోవర్‌లో కొద్ది శాతమే పన్నుగా కట్టే కాంపోజిషన్ పథకంలో చేరదామంటే, అందులో ఉన్నవారు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. అంటే వెబ్‌సైట్ ఊసు లేకపోయినా మీరు ఇప్పటికే రెగ్యులర్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఉండాల్సింది. ఇన్నాళ్లూ వాట్సాప్ చాటున గడిచిపోయింది. సైట్ పెట్టి, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) తీసుకుని, డబ్బు కరెంట్ అకౌంట్‌లో పడటం మొదలయ్యాక ప్రతి అమ్మకానికీ రికార్డు ఉంటుంది. కాబట్టి ముందు ఆడిటర్‌ను కలవండి. ఇప్పటిదాకా బయటి రాష్ట్రాలకు పంపినవాటి సంగతీ దాచకుండా చెప్పి, ఏం చేయాలో అడగండి. సైట్ సంగతి ఆ తర్వాత.

రిజిస్ట్రేషన్ వల్ల భారమే కాదు, కొంత ఊరటా ఉంది. పచ్చళ్ల మీద ఇప్పుడు 5 శాతం పన్ను. ధర పెంచకుండా అదే 850లో పన్ను కలుపుకుంటే ఆర్డర్‌కు 40 రూపాయల దాకా మీ లాభంలోంచి పోతుంది. అయితే సీసాలు, నూనె, కొరియర్, వెబ్‌సైట్ బిల్లుల మీద మీరు కట్టే జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తగ్గించుకోవచ్చు. 78 వేల మీద 18 శాతం అంటే 14,040. రిజిస్ట్రేషన్ లేకపోతే సైట్ ఖర్చు 92,040 అవుతుంది. ఉంటే ఆ 14,040 అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో సర్దుబాటైపోతుంది. దానికి ఆ సంస్థ మీ జీఎస్టీ నంబరుతో బిల్లు ఇవ్వాలి. బిల్లు లేకుండా అయితే తగ్గించి చేస్తామంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు గిట్టుబాటు లెక్క. సైట్ ఆయుష్షు మూడేళ్లు అనుకుందాం. అంతకు మించి ఆశించకండి. ఫోన్లు మారతాయి, పేమెంట్ పద్ధతులు మారతాయి, మళ్లీ కొంత ఖర్చు ఎలాగూ వస్తుంది. 78 వేలను మూడేళ్లకు పంచితే ఏడాదికి 26 వేలు. నిర్వహణ 15 వేలు కలిపితే 41 వేలు, అంటే నెలకు 3,417 రూపాయలు. సైట్‌లో వచ్చే ఆర్డర్‌కు గేట్‌వే సాధారణంగా 2 శాతం తీసుకుంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 850కి అది 20 రూపాయలు. మీకు మిగిలే 255లోంచి ఈ 20 తీసేస్తే 235. నెలకు 15 కొత్త ఆర్డర్లు వస్తే ఖర్చు తిరిగొచ్చినట్టే. ధర పెంచకుండా 5 శాతం పన్నును మీరే మోస్తే 18 కావాలి.

ఈ లెక్కలో కీలకం ‘కొత్త’ అన్న మాటే. ఇప్పుడు వాట్సాప్‌లో కొనేవారే రేపు సైట్‌లో కొంటే మీకు వచ్చేదేమీ లేదు, పైగా ఆర్డర్‌కు 20 రూపాయలు ఎదురు పోతుంది. పాత ఖాతాదారులను యూపీఐలో నేరుగా పంపమనండి. వారి కోసం సైట్‌లో ధరల పట్టిక, వాట్సాప్ బటన్ ఉంటే సరిపోతుంది. కొత్తవారు ఎక్కడి నుంచి వస్తారో ఆ సంస్థను సూటిగా అడగండి. ‘సైట్ పెడితే జనం వస్తారు’ అనేది సమాధానం కాదు. గూగుల్‌లో ‘గోంగూర పచ్చడి ఆన్‌లైన్’ అని వెతికేవారికి మీ పేజీ కనబడాలంటే ప్రతి పచ్చడికీ విడి పేజీ, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు, బరువు, నిల్వ ఉండే రోజులు, వాడిన నూనె ఏమిటో రాసి ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్‌లో మీ వ్యాపారం వివరాలు చూపే పేజీ) పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. అది ఇవాళే చేసుకోండి, సైట్ కోసం ఆగక్కర్లేదు.

పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లలో పెడితే సరిపోదా అనొచ్చు. అక్కడ కమిషన్, ఫీజులు కలిపి ఎంత కోస్తారో మీ 850 రూపాయల ఆర్డర్‌కు లెక్క వేయించి చూడండి. అంతకంటే పెద్ద నష్టం, కొన్నవారి ఫోన్ నంబరు మీ చేతికి రాకపోవడం. పచ్చళ్ల వ్యాపారం నడిచేదే మళ్లీ మళ్లీ కొనేవారితో. ఒకసారి ఆవకాయ తీసుకున్నవారికి ఉసిరికాయ కాలం రాగానే కబురు పెట్టగలిగితే ఆ రెండో ఆర్డర్‌కు ప్రకటన ఖర్చు ఉండదు.

మీ మేనల్లుడి టెంప్లేట్‌ను తీసిపారేయక్కర్లేదు. టెంప్లేట్‌లో తప్పేమీ లేదు, చాలామంది డెవలపర్లు వాడేదీ అదే. తేడా వచ్చేది కొరియర్ ఛార్జీ దగ్గర. ఊరికే చేసిన సైట్లలో తరచుగా ‘ఎక్కడికైనా 80 రూపాయలు’ అని ఒకే అంకె పెట్టేస్తారు. కొరియర్ కంపెనీ మాత్రం అసలు బరువు, పెట్టె కొలతల బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు వేస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం చాలా కంపెనీల పద్ధతి. కిలో పచ్చడి సీసాను బబుల్ షీట్ చుట్టి 24, 18, 18 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి. గుణిస్తే 7,776, భాగిస్తే 1.56 కిలోలు. బరువును పై అరకిలోకు సర్దే శ్లాబు లెక్కన బిల్లు 2 కిలోలకు పడుతుంది. అది గువాహటికో శ్రీనగర్‌కో వెళ్లాల్సి వస్తే 80 రూపాయలు ఏ మూలకు? ఆ ఆర్డర్ మీద మీకు మిగలాల్సిన లాభం కొరియర్‌కే పోతుంది. పిన్‌కోడ్‌నూ పెట్టె సైజునూ బట్టి ఛార్జీ వేసే ఏర్పాటు, ఒకే పెట్టెలో రెండు సీసాలు పడితే రెండోదానికి తగ్గించే ఏర్పాటు ఉండాలి. 78 వేలు అడిగే సంస్థ ఈ పని చేసి చూపాలి. చూపలేకపోతే మేనల్లుడే నయం.

రెండోది, డబ్బు కట్ అయి ఆర్డర్ నమోదు కాకపోవడం. యూపీఐలో కస్టమర్ డబ్బు కట్టి బ్రౌజర్ మూసేస్తే, గేట్‌వే నుంచి సైట్‌కు ఆ సమాచారం వేరే దారిన అందేలా కట్టాలి. దాన్ని వెబ్‌హుక్ అంటారు. అది సరిగా లేకపోతే మామిడికాయల కాలంలో రోజుకు రెండు మూడు ‘డబ్బు పోయింది, పచ్చడి రాలేదు’ ఫోన్లు తప్పవు. సైట్ అప్పగించే రోజు మీ ముందే పది రూపాయల ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసేసి చూడండి. అడ్మిన్ పేజీలో ఆర్డర్ కనబడాలి.

క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో వద్దు. ఇంట్లో లేరనో, వద్దన్నారనో పెట్టె తిరిగొస్తే రానూ పోనూ కొరియర్ ఖర్చు మీదే. తిరిగొచ్చిన సీసాను మళ్లీ అమ్మలేరు కూడా. అలాంటి పార్సిల్ ఒక్కటి తిరిగొస్తే రెండు మూడు మంచి ఆర్డర్ల లాభం తుడిచిపెట్టుకుపోతుంది.

ఒప్పందంలో ఇవి రాయించుకోండి. డొమైన్ (సైట్ చిరునామా) మీ పేరు, మీ ఈమెయిల్, మీ కార్డుతోనే కొనాలి. డెవలపర్ పేరు మీద ఉంటే, రేపు మనస్పర్థ వచ్చిన రోజున మీ దుకాణం బోర్డు ఆయన చేతిలో ఉన్నట్టే. మొదటి ఏడాది 99 రూపాయలన్న ఆఫర్ కంటే రెండో ఏడాది రెన్యువల్ ధర చూడండి. హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్ అద్దె), గేట్‌వే ఖాతాలు కూడా మీవే, గేట్‌వే డబ్బు నేరుగా మీ కరెంట్ అకౌంట్‌కే రావాలి. ఏడాదికి 15 వేల నిర్వహణలో ఏమేం వస్తాయో వివరంగా ఉండాలి: వారానికోసారి బ్యాకప్, సెక్యూరిటీ అప్‌డేట్లు, సైట్ ఆగిపోతే ఎన్ని గంటల్లో సరిచేస్తారు, నెలకు ఎన్ని ధర మార్పులు. ధరలు, స్టాక్ మీరే మార్చుకునేలా ఒక పూట నేర్పించాలి. ఉసిరికాయ అయిపోయిందని పెట్టడానికి కూడా వాళ్లకు ఫోన్ చేయాల్సి వస్తే ఆ 15 వేలు దండగ.

సైట్ మీద మీ వ్యాపారం పేరు, చిరునామా, ఫోన్, ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, రీఫండ్ పద్ధతి, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు తేల్చాలి. రీఫండ్, ప్రైవసీ పేజీలు లేకపోతే గేట్‌వే వాళ్లు ఖాతానే తెరవరు. సైట్ అంతా తయారై పేమెంట్ దగ్గర ఆగిపోవడానికి ఇదొక సాధారణ కారణం.

ఇక డబ్బు సంగతి. డిపాజిట్ మొత్తం తీయకండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది, ఇంటికి అత్యవసరంలో అక్కరకొచ్చేదీ అదే. దాని మీద 40 వేల ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీతో బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి. డిపాజిట్ వడ్డీ కంటే కాస్త ఎక్కువ పడుతుంది, వాడుకున్నంతకే, వాడుకున్నన్ని రోజులకే. మిగతా 38 వేలు నాలుగైదు నెలల లాభంలోంచి పక్కన పెట్టండి. చెల్లింపును 30, 40, 30 శాతాలుగా విడగొట్టండి: మొదటిది పని మొదలుకు, రెండోది మీ ఫోన్‌లో నడిచే నమూనా చూశాక, చివరిది పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గి, పాస్‌వర్డ్‌లన్నీ మీ చేతికొచ్చాక. బంగారం లోన్ చాలావరకు ఏడాదిలో తీర్చాల్సినది. సైట్ ఖర్చు తిరిగొచ్చేది మూడేళ్లలో. ఆ రెండింటికీ పొంతన కుదరదు.

పన్ను కలిసొస్తుందని మాత్రం సైట్ కట్టించకండి. ఆదాయపు పన్నులో మీలాంటివారు ఎంచుకునే ప్రిజంప్టివ్ పద్ధతిలో టర్నోవర్‌లో ఇంత శాతమని లాభం లెక్కిస్తారు, సైట్ ఖర్చును విడిగా తగ్గించుకోలేరు. డిజిటల్‌గా వచ్చిన అమ్మకాలకు 8 బదులు కనీసం 6 శాతం చూపితే చాలన్నది ఉంది గానీ, యూపీఐతో అది మీకు ఇప్పటికే వర్తిస్తోంది.

అమెరికా ఆర్డర్ల బటన్ ఇప్పుడే పెట్టకండి. అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. ఆహార పదార్థాలకు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే) కోడ్ కావాలి. దేశంలోనే లెక్క కుదిరాక ఆలోచించవచ్చు.

పని నవంబర్‌లో మొదలుపెట్టించి ఫిబ్రవరికల్లా సైట్ నడిచేలా చూసుకోండి. ఏప్రిల్, మే ఆవకాయ తాకిడిలో కొత్త సైట్ తప్పులు సరిదిద్దుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఆరు నెలల పాటు సైట్ ఆర్డర్లలో పాత నంబర్లు ఎన్ని, కొత్త నంబర్లు ఎన్ని విడిగా రాసుకోండి. కొత్తవి నెలకు 15 దాటితే రెండో ఏడాది నిర్వహణ డబ్బు కట్టేయండి. 8 లోపే ఉంటే ప్రకటనలకు డబ్బు పోయకుండా, కార్ట్ తీసేసి ధరల పట్టిక, వాట్సాప్ బటన్‌తో సాదా సైట్‌గా మార్చేయండి. అప్పుడు డొమైన్, హోస్టింగ్ ఖర్చు తప్ప ఏమీ ఉండదు.